నీళ్ళకవతలి శిబిరం

అనువాద వృత్తిలో ఉన్నవారిని కఠిన పదాలకంటే తేలిక పదాలే ఎక్కువగా వేధిస్తాయి. ‘క్యాంపు’ అటువంటి మాట. మన దేశంలో కంటి వైద్యుల క్యాంపు ఉన్నది, వరద బాధితుల క్యాంపు ఉన్నది. అధికారి ఊళ్ళో లేకపోతే “అయ్యగారు క్యాంపులో ఉన్నారు” అని బంట్రోతు సెలవిస్తాడు. ఈ మాట సింగపూరులో ఇంకెన్ని వేషాలు వేస్తుందో 2023 జూన్ మాసంలో తెలుసుకున్నాను.

మా చెల్లెలు, మరిది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. వారి కుమారునికి అప్పటికి పదేళ్ళు. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో ఆరంభమవుతుంది. జూన్‌లో నాలుగు వారాలు, సంవత్సరాంతంలో ఆరు వారాలు సెలవులు. భార్యాభర్తలిద్దరూ ఆఫీసులకు వెళ్ళే ఇంట నాలుగు వారాలు గడవడం సామాన్యమా? “అక్కా, నువ్వు వచ్చి వీడికొక మంచి క్యాంపు చూసిపెట్టు” అన్నది చెల్లెలు.

వెదకడం కష్టం కాలేదు, ఏరుకోవడమే కష్టమైంది. 730 చదరపు కిలోమీటర్లు దాటి కొద్దిపాటి వైశాల్యం గల ఆ ద్వీప రాజ్యంలో, బజారు భవనపు నాలుగో అంతస్తులో కంప్యూటరు పాఠాలు చెప్పినా క్యాంపే, లెక్కలు చేయించినా క్యాంపే, కేకులు చేయడం నేర్పినా క్యాంపే. పేటపేటకూ ఉన్న ప్రజా కేంద్రాలలో తక్కువ రుసుముకు ఈత, బొమ్మలు నేర్పుతారు. అవి మేము విచారించేసరికే నిండిపోయాయి. క్రితం ఏడు ఒక చోట చేర్పిస్తే, ఐదు రోజుల తరువాత పిల్లవాడు ప్లాస్టిక్ యంత్రపు బొమ్మతో ఇంటికి వచ్చాడట. “ఏం నేర్చుకున్నావురా?” అంటే, “ఏ.సీ. చాలా చలిగా ఉంది పెద్దమ్మా” అన్నాడు.

ఒకనాటి రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెల్లెలు మెల్లగా అసలు సంగతి చెప్పింది. అక్కడి ఇళ్ళలో ‘క్యాంపు’ అనగానే ముందు స్ఫురించేది సైనిక శిబిరం. 1967 నుండి పద్దెనిమిదేళ్ళు వచ్చిన యువకులకు సైనిక సేవ విధి, ఇప్పుడది రెండేళ్ళు. శాశ్వత నివాస హక్కు పొందిన వారి కొడుకులకు కూడా తప్పదు. “వీడు దీపం ఆర్పితే నిద్రపోడు. అమ్మ దగ్గర తప్ప ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు. ఇంకెంతకాలం, ఎనిమిదేళ్ళేగా అక్కా” అన్నది. ఇంతవరకు ఎండ తగలని క్యాంపులే కావాలని పట్టుబట్టినది కూడా ఆమెయే!

మరునాటి నుండి నా వెదుకులాట దారి మారింది. అదే 1967లో రక్షణ మంత్రి గో కెంగ్ స్వీ చొరవతో పులావ్ ఊబిన్ అనే చిన్న దీవిలో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ సాహస విద్యాలయం వెలసింది. రేవు విడిచి బయలుదేరిన ఓడకు నావికులు వాడే మాట అది. తెలుగులో ఒక్క పదంలో ఇమడదు. అక్కడికి వెళ్ళేవారిలో ఎక్కువమంది ఉన్నత పాఠశాల విద్యార్థులు. మావాడు చిన్నవాడు గనుక, అదే దీవిలో రెండు రాత్రులు గుడారాలలో ఉంచే ఒక చిన్న బృందాన్ని ఎంచుకున్నాము. సంతకం పెట్టే ముందు చెల్లెలు రుసుము సంగతి అడగలేదు. రాత్రి దీపం ఉంటుందా అని అడిగింది. ఉండదన్నారు. కలం పట్టుకుని కొంతసేపు కూర్చుని, పెట్టింది.

ఊబిన్‌కు చాంగీ రేవు నుండి మోటారు పడవలో పది నిమిషాల ప్రయాణం. పడవకు వేళలు లేవు. పన్నెండుగురు కూడితే కదులుతుంది, లేదా లేనివారి డబ్బు ఉన్నవారే భరించాలి. క్షణాలు లెక్కపెట్టే ఆ నగరంలో, పన్నెండవ మనిషి కోసం బల్లపై కూర్చుని ఎదురుచూడడం నాకెంతో హాయిగా తోచింది. అవతల దిగగానే రేకుల కప్పు ఇళ్ళు, అద్దె సైకిళ్ళు, దురియాన్ చెట్లు. ఒకప్పుడు నల్లరాయి తవ్విన గనులు నేడు నీటితో నిండి చెరువులైనాయి. మలేసియాకు వేసిన సముద్రపు కట్టకు రాయి ఇక్కడినుండే వెళ్ళింది. తూర్పు కొసన చెక్ జావా అనే చిత్తడి తీరం ఉన్నది. దాన్ని పూడ్చి నేల చేయాలనుకున్న ప్రభుత్వం, ప్రకృతి ప్రేమికులు గట్టిగా కోరగా, 2001లో ఆ పని వాయిదా వేసింది. లేకుంటే ఈ పిల్లలకు అక్కడ పీతలను చూసే భాగ్యం ఎక్కడిది?

పిల్లవాణ్ణి అప్పగించి నేను తిరిగి వచ్చాను. వాడు ఏడవలేదు, వెనుదిరిగి చూడలేదు కూడా. ఆ రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. వాడి గదిలో దీపం మాత్రం ఎవరూ ఆర్పలేదు.

మూడవ నాడు రేవులో దిగినవాని ఒళ్ళంతా దోమకాట్లు. ఒక చెప్పు లేదు. మొదటి రాత్రి అడవిపంది గుడారం చుట్టూ తిరిగిందట. పక్కవాడు భయపడి ఏడ్చాడట. “మరి నువ్వో?” అన్నాను. “నేనూ ఏడ్చాను. కానీ చీకట్లో ఎవరికీ కనిపించలేదు” అన్నాడు.

సాయంకాలం ఆఫీసు నుండి వచ్చిన తల్లి, కట్టెల పొగ వాసన వేస్తున్న వాడి జుట్టు నిమురుతూ, డిసెంబరులో కూడా వెళతావా అని అడిగింది. డిసెంబరులో అక్కడ ఈశాన్య ఋతుపవనాల వాన. గుడారం కురుస్తుందేమో కనుక్కోమని వాడు నాకు పురమాయించాడు.