జులై 5: దీవుల్లోనూ, దీవులు దాటి పోయినోళ్ల ఇళ్లలోనూ

పోస్ట్ కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఆఫ్రికా పడమటి తీరానికి అవతల, అట్లాంటిక్ సముద్రంలో కేప్ వెర్డే అనే చిన్న దేశం ఉంది. పది దీవులు, దాదాపు 5 లక్షల జనం. ఐదు వందల ఏళ్లు పోర్చుగల్ వాళ్లు ఏలారు. 1961 దాకా మన గోవాను వదలకుండా కూర్చున్నది కూడా ఆ పోర్చుగలే. 1975 జులై 5న కేప్ వెర్డేకి స్వాతంత్ర్యం వచ్చింది. 2025లో 50 ఏళ్లు నిండాయి.

ఈ దేశం గురించే ఎందుకు రాస్తున్నానంటే, ఆ దీవుల్లో ఉన్నవాళ్ల కంటే బయటి దేశాల్లో బతికే ఆ మూలాల జనమే ఎక్కువ అని చెప్తారు. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్, బ్రాక్టన్, బోస్టన్. యూరప్‌లో లిస్బన్, రోటర్‌డామ్. జులై వస్తే ఈ ఊళ్లలో కూడా జెండాలు, ఊరేగింపులు, పాటలు. కచూపా అని మొక్కజొన్న, చిక్కుడు గింజలు వేసి చాలాసేపు ఉడికించే వంటకం ఉంది. పండగ ఎక్కడ జరిగినా అది ఉండాల్సిందే.

వాళ్లు సరదాకి పోలేదు. ఆ దీవుల్లో వాన సరిగ్గా పడదు. 1940ల్లో వచ్చిన కరువుల్లో వేలకు వేల మంది ఆకలితో చచ్చిపోయారు, పాలించేవాళ్లు పట్టించుకోలేదు. అంతకుముందు నుంచే మగవాళ్లు తిమింగలాల వేట ఓడలెక్కి అమెరికా చేరుకునేవాళ్లు. ఏ దారీ లేనివాళ్లని కాంట్రాక్టు కూలీలుగా సావో తొమె దీవిలోని కోకో తోటలకు పంపేవాళ్లు. సెజారియా ఎవోరా అనే గాయని ప్రపంచమంతా వినిపించిన ‘సొదాదే’ పాట ఆ సావో తొమె ప్రయాణం గురించే. సొదాదే అంటే దూరమైన ఊరి మీద, మనుషుల మీద బెంగ. వలస కూలికి పోయే ఇళ్లు మన గూడేల్లోనూ ఉన్నాయి, ఆ బెంగ ఎట్లా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నన్ను బాగా పట్టుకున్న సంగతి. స్వాతంత్ర్య ఉద్యమానికి నాయకుడు అమిల్కార్ కాబ్రాల్. తల్లి బట్టలు కుట్టి, చేపల ఫ్యాక్టరీలో పని చేసి ఇల్లు నడిపింది. 1945లో స్కాలర్‌షిప్ మీద లిస్బన్ పోయి వ్యవసాయ శాస్త్రం చదివాడు. కరువు కళ్లారా చూసినవాడు మట్టి గురించి చదవడంలో ఆశ్చర్యం లేదు. లిస్బన్‌లో వలస దేశాల నుంచి వచ్చిన విద్యార్థుల కోసం ప్రభుత్వమే 1944లో ఒక విద్యార్థి గృహం పెట్టించింది. అందరూ ఒకచోట ఉంటే కనిపెట్టి ఉండొచ్చు, తమకు పనికొచ్చే విధేయులుగా తయారు చేయొచ్చు అని. జరిగింది వేరు. అంగోలా నుంచి వచ్చిన అగోస్తిన్యో నెతో, మొజాంబిక్ నుంచి వచ్చిన మార్సెలినో దోస్ సాంతోస్, ఈ కాబ్రాల్ అందరూ కలిసింది ఆ విద్యార్థుల మధ్యే. ఎవరి ఊరి కష్టం వాళ్లు చెప్పుకుంటే, అన్నీ ఒకే కథ అని తెలిసింది. నెతో తర్వాత అంగోలాకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1965లో రహస్య పోలీసులు ఆ గృహాన్ని మూసేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

కాబ్రాల్ చదువయ్యాక గినీకి పోయి, ఊరూరా తిరిగి పంటల లెక్క తీశాడు. 1956లో గినీ, కేప్ వెర్డే రెండింటి కోసం పార్టీ పెట్టారు. 1963 నుంచి గినీ అడవుల్లో యుద్ధం. 1973 జనవరి 20న ఆయన్ని చంపేశారు. జెండా ఎగరడం ఆయన చూడలేదు.

అమెరికాలో స్థిరపడిన కేప్ వెర్డే జనంలో అందరూ స్వాతంత్ర్యం కావాలనలేదు. ‘మేం పోర్చుగీసువాళ్లమే’ అని చెప్పుకున్నవాళ్లు చాలామంది. కూలి బతుకు బతికి, నల్లవాళ్లని చిన్నచూపు చూసే దేశంలో అలా చెప్పుకుంటే కొంత గౌరవం దొరుకుతుందని ఆశ. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. ‘మీదే ఊరు’ అని సిటీలో అడిగితే మనలో ఎంతమంది గూడెం పేరు మింగేసి టౌన్ పేరు చెప్తారో తెలుసు కదా. కానీ దేశం వచ్చాక, వాళ్ల పిల్లలు, మనవళ్లు కేప్ వెర్డే పేరుని బయటికి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ పేరుకి ఒక జెండా దొరికింది మరి.

దేశం కూడా వాళ్లని మర్చిపోలేదు. పార్లమెంటులో 72 సీట్లుంటే అందులో 6 బయట ఉన్నవాళ్లే ఎన్నుకుంటారు. 2025 అక్టోబర్‌లో ఆ దేశం మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. ఆ టీంలో రోటర్‌డామ్‌లో పుట్టినవాళ్లు ఉన్నారు, ఐర్లాండ్‌లో పుట్టినవాడూ ఉన్నాడు.

అంతా బాగుందని కాదు. ఇంట్లో, సంతలో, పాటలో అందరూ మాట్లాడేది క్రియోల్. బడి, ఆఫీసు నడిచేది మాత్రం ఇంకా ఎక్కువగా పోర్చుగీసులోనే. పాలకులు పోయినా వాళ్ల భాష కుర్చీ దిగలేదు. కోయ, గోండి, కొలామి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చి తెలుగులో, ఇంగ్లీషులో పరీక్షలు రాసే మనకి ఇది కొత్త సంగతి కాదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ‘చదువుకున్నోడు ఊరికి చుట్టమే’ అని మా పెద్దోళ్లు అంటుంటారు. ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. కేప్ వెర్డే కథ ఆ భయానికి పూర్తి జవాబు కాదు. దూరం పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. కానీ డబ్బు పంపారు, పాట నిలబెట్టారు, పిల్లలకి పేరు చెప్పారు. తిరిగి వచ్చిన కొద్దిమంది చదువుని పొలాల్లోకి తెచ్చారు. చుట్టంగా మిగలడానికీ, ఊరి మనిషిగా ఉండడానికీ మధ్య ఇన్ని దారులున్నాయి.

ఆగస్టు 9 వస్తుంది. ప్రతి హాస్టల్లో డాన్సులు, ఫొటోలు ఎట్లాగూ ఉంటాయి, ఉండాలి. వాటితోపాటు రాత్రి భోజనాలయ్యాక ఒక గంట కూర్చుందాం. ఒక్కొక్కరు తమ ఊరి కష్టం ఒకటి, తమ భాషలోనే చెప్పాలి. అర్థం కాని వాళ్లకి పక్కనోళ్లు చెప్తారు. లిస్బన్‌లో వాళ్లు మొదలుపెట్టింది కూడా ఇంతే.