ఐదు బస్తాల ఆటగాడు

విరాట్ కోహ్లి ధరెంత?

2025 ఐపీఎల్ లెక్కల్లో అయితే 21 కోట్ల రూపాయలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఓ అడ్తి దుకాణంలో మాత్రం... పద్నాలుగు బస్తాలు!

నిజం బస్తాలు కావు లెండి. ఆ దుకాణంలో గుమస్తాగా పనిచేసే ఓ నలభై అయిదేళ్ల మనిషి పొడుగాటి ఖాతా పుస్తకంలో రాసుకునే బస్తాలు. హమాలీల పిల్లలు, పక్క దుకాణాల కుర్రాళ్లు అందరూ ఆయన్ని ‘కాకా’ అనే పిలుస్తారు. ఏటా మార్చి నెలలో, యార్డంతా మిర్చి ఘాటుకి తుమ్ములతో దగ్గులతో దద్దరిల్లే రోజుల్లో, ఓ పది పన్నెండు మంది యార్డు సెలవు చూసుకుని ఆయన చుట్టూ చేరతారు. ఒక్కొక్కరికి వంద బస్తాలు. వాటితో పదకొండు మంది ఆటగాళ్లను కొనాలి. పరుగుకి ఒక పాయింటు, వికెట్‌కి పాతిక, క్యాచ్‌కి ఎనిమిది. సీజన్ ముగిసేసరికి ఎవరి పదకొండు మంది ఎక్కువ పాయింట్లు తెస్తే వాళ్లు గెలిచినట్టు. బహుమతి? ఓడినవాళ్లంతా కలిసి పెట్టించే బిర్యానీ. అంతకు మించి ఒక్క రూపాయి చేతులు మారదు. ఎందుకు మారదో తర్వాత చెప్పుకుందాం.

ప్రపంచం దీన్ని ఫాంటసీ ఆట అంటుంది. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్క్‌లోని ఓ రెస్టారెంట్‌లో స్నేహితుల్ని కూర్చోబెట్టి బేస్‌బాల్‌తో మొదలుపెట్టాడు. మన దగ్గర 2000ల తొలినాళ్లలో ఈఎస్‌పీఎన్-స్టార్ స్పోర్ట్స్ ‘సూపర్ సెలెక్టర్’ పేరుతో క్రికెట్‌కి తెచ్చింది. అప్పట్లో డిగ్రీ చదువుతున్న కాక, హన్మకొండ ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు కట్టి మరీ ఆ ఆట ఆడినవాడే.

ఇందులో కిటుకంతా ధర దగ్గరే ఉంది. కాక పుస్తకంలో ఆటగాడి ధర కిందటేడు ఐపీఎల్‌లో అతను మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లు తెచ్చాడన్నదాన్ని బట్టి పడుతుంది. అందరికంటే పైనున్నవాళ్లు పద్నాలుగు బస్తాలు. కిందటేడు ఆడనివాళ్లు, కొత్తవాళ్లు... ఐదు బస్తాలు. ఇక లెక్క వేసుకోండి. పద్నాలుగు బస్తాల ఘనులు నలుగురిని కొంటే యాభై ఆరు అయిపోయాయి. తొమ్మిదికి ఒకరు, పదికి ఒకరు అంటే డెబ్బై అయిదు. మిగిలిన పాతికతో ఇంకా అయిదుగురు కావాలి. అంటే ఐదేసి బస్తాలవాళ్లు! నలుగురు ఘనులూ ఎవరి జట్టులో చూసినా దాదాపు వాళ్లే ఉంటారు. గెలుపూ ఓటమీ తేల్చేది ఈ అయిదుగురే.

మరి ఐపీఎల్‌లో ఆడనివాడు ఎలా ఆడతాడో ముందే తెలిసేదెలా?

అందరూ చేసే పని ఒకటే. సీజన్‌కి ముందు జరిగే ఆటలు చూడడం. సయ్యద్ ముస్తాక్ అలీ, విజయ్ హజారే, రంజీ, చివరికి జట్టులోనే రెండు భాగాలై ఆడుకునే ప్రాక్టీసు మ్యాచ్‌లు. వాటిలో ఎవడు బాదితే వాడి పేరు రాసేసుకోవడం. కాకకి సరిగ్గా ఇక్కడే చిరాకు. ‘‘మిర్చి బస్తా మూతి దగ్గర ఎర్రగ నిగనిగలాడే కాయే ఉంటదిరా. లోపల చెయ్యి పెట్టి చూడాలె, తాలు ఎంతున్నదో’’ అంటాడు. పాతికేళ్లుగా బస్తాల్లో చెయ్యిపెట్టి చూస్తున్న మనిషి మాట. పత్తి అయినా అంతే. తేమ 8 శాతం లోపుంటేనే సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 దాటితే అసలు కొనదు. పైకి మాత్రం రెండూ తెల్లగానే ఉంటాయి.

2024 జనవరి సంగతి చూడండి. హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ రంజీ మ్యాచ్‌లో 181 బంతుల్లో 366 పరుగులు చేశాడు. 26 సిక్సర్లు. 147 బంతుల్లోనే మూడొందలు... ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో అంత వేగంగా ఎవరూ చేయలేదు. దుకాణం దగ్గర కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. మన హైదరాబాదోడు, ఐదు బస్తాలకే దొరుకుతాడు, ఇంకేం కావాలి! కాక అడిగింది ఒక్కటే. ‘‘ఎవరి మీద కొట్టిండు?’’ అరుణాచల్ ప్రదేశ్ మీద. హైదరాబాద్ ఆ ఏడాది కింది స్థాయి ప్లేట్ గ్రూపులో ఆడుతోంది. పైగా డిసెంబరులోనే ఐపీఎల్ వేలం ముగిసింది, అతను ఏ జట్టులోనూ లేడు. 366 పరుగులు చిన్న విషయం కాదు. కానీ ఈ పుస్తకానికి మాత్రం అవి అక్కరకు రావు.

అలాగని బలహీనమైన జట్టు మీద కొట్టిన పరుగులన్నీ తాలేనా? కాదు! తమాషా ఏమిటంటే, అంతకు మూడు నెలల ముందు, 2023 అక్టోబరులో అదే అరుణాచల్ మీద రైల్వేస్ కుర్రాడు అశుతోష్ శర్మ 11 బంతుల్లో యాభై చేశాడు. యువరాజ్‌సింగ్ 12 బంతుల రికార్డు పోయింది. పంజాబ్ కింగ్స్ 20 లక్షలకు కొనుక్కుంది. 2024 సీజన్లో కింది వరుసలో వచ్చి 189 పరుగులు చేశాడు, అదీ వంద బంతులకు 167 చొప్పున. ఇద్దరూ కొట్టింది ఒక్క జట్టు మీదే. తేడా ఎక్కడుంది? అశుతోష్ ఆరోజు చివర్లో వచ్చి నాలుగు బంతులు దొరికినా బాదే పని చేశాడు. పంజాబ్‌కి కావలసిందీ అదే పని. పరుగులు ఎన్ని అన్నది కాదు, ఏ పని మీద వచ్చి చేశాడన్నది చూడాలన్నమాట. కాక పుస్తకంలో ఆటగాడి పేరు పక్కన పరుగులు ఉండవు. ఎన్నో నంబరులో దిగాడు, ఎన్ని ఓవర్లు వేశాడు... అవే ఉంటాయి.

ఈ పద్ధతి ఆయనకి సగం యార్డు నేర్పింది. మిగతా సగం మెల్‌బోర్న్ నుంచి వచ్చింది.

కాక అక్క కొడుకు అక్కడ చదువుకుని, అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఆస్ట్రేలియావాళ్లకి వాళ్ల ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మనం చూసే ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు ఆకారం బంతి, క్రికెట్ మైదానమంత గ్రౌండు, జట్టుకి పద్దెనిమిది మంది. దానికీ ఫాంటసీ ఆట ఉంది. బంతిని తంతే 3 పాయింట్లు, చేత్తో గుద్ది అందిస్తే 2, ఎదుటివాణ్ని పట్టి ఆపితే 4, గోలుకి 6. ధర కిందటేటి సగటుని బట్టే. గాయంతో కిందటేడు ఆడలేకపోయిన మంచి ఆటగాడికి ధరలో తగ్గింపు కూడా ఇస్తారు. ఫిబ్రవరి, మార్చిలో జరిగే సన్నాహక మ్యాచ్‌లప్పుడు అక్కడి తెలివైనవాళ్లు పాయింట్లు చూడరట. ఇన్నాళ్లూ ఓ మూలన ఆడిన కుర్రాణ్ని కోచ్ ఈసారి మైదానం మధ్యకి పంపుతున్నాడా, అది చూస్తారట. మధ్యలో ఉన్నవాడికే బంతి ఎక్కువ దొరుకుతుంది మరి. అల్లుడు ఫోన్లో ఇదంతా చెబుతుంటే కాక నవ్వాడట. ‘‘అరే, మీ దగ్గర గూడ గంతేనారా!’’

ఆ మెల్‌బోర్న్ మైదానంలోనే 2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు. ఐదు బస్తాల కథల్లో అతనిది అన్నిటికంటే రుచికరం. సన్‌రైజర్స్ 20 లక్షలకు కొన్నది. 2023లో రెండే మ్యాచ్‌లు. 2024లో 303 పరుగులు, ‘ఎమర్జింగ్ ప్లేయర్’ అవార్డు. ఆంధ్ర జట్టుకి బ్యాటింగూ బౌలింగూ రెండూ చేసేవాడని తెలిసినవాళ్లకి అది వింత కాదు. మర్నాడు ఏమైంది? సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. కాక పుస్తకంలోనూ ధర రెట్టింపు దాటింది. టెస్టు సెంచరీ వేడి ఇంకా చల్లారలేదు, అందరూ ఎగబడి కొన్నారు. 2025 జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి అతను ఆటకి దూరమయ్యాడన్నది ఎవరికీ గుర్తులేదు. ఆ సీజన్లో 182 పరుగులు, రెండే వికెట్లు. ఆటగాడు మంచివాడే. ధరే చెడ్డది. ఈ రెండిటినీ విడదీసి చూడలేకపోవడమే ఈ ఆటలో అందరి జబ్బూ.

ఇంతకీ డబ్బు ఎందుకు పెట్టరు?

పరకాల దగ్గరి పల్లె నుంచి ఈ దుకాణానికే మిర్చి తెచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. కొడుకు హన్మకొండలో గదిలో ఉండి డిగ్రీ చదివేవాడు. 2020లో కరోనా వల్ల ఐపీఎల్ సెప్టెంబరులో, ఎక్కడో ఎమిరేట్స్‌లో జరిగింది. కాలేజీ లేదు, చేతిలో ఫోన్ ఉంది. పందెం పెట్టి ఆన్‌లైన్లో ఆడడాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయితేనేం, ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే దారులు కుర్రాళ్లకి తెలియనివా! మందుల దుకాణానికి కట్టమని తండ్రి ఖాతాలో వేసిన మిర్చి డబ్బు రెండు నెలల్లో ఊడ్చుకుపోయింది. తండ్రి మళ్లీ అప్పు కోసం అడ్తి మెట్లెక్కినప్పుడే కాకకి విషయం తెలిసింది. పిల్లగాణ్ని పిలిపించాడు. తిట్టలేదు. ఫోన్లో పాత జట్లన్నీ చూపించమన్నాడు. చూశాక అన్న మాట ఇప్పటికీ ఆ కుర్రాడు నవ్వుతూనే చెబుతాడు. ‘‘నీకు ఆట తెల్వదని కాదురా. రోజూ కొనేటోడు ఎప్పటికీ ధర చూడడు.’’

ఖాతా పుస్తకం అలా పుట్టింది, 2021 సీజన్‌కి. రోజుకో జట్టు ఉండదు. సీజన్‌కి ఒక్కసారే కొనాలి. డబ్బు ఉండదు. మందు పేరుతో జబ్బునే కొద్దికొద్దిగా తాగించడం కాదా ఇది? దుకాణం యజమానికి ఆ అనుమానం ఉంది, అది తీసిపారేసేది కాదు. ఆ గుంపులో ఒకరిద్దరు మధ్యలో మళ్లీ ఫోన్లకి వెళ్లినవాళ్లు ఉన్నారు కూడా. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా ఆపుతూ చట్టం తెచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలు పందెం పోటీలు మూసేశాయి. చట్టం వచ్చినంత మాత్రాన చేతి దురద పోతుందా అంటే, పోదు. కానీ పరకాల కుర్రాడు ఇప్పుడు ఆ యార్డులోనే కాంటా దగ్గర పని చేస్తున్నాడు, అప్పు తీర్చాడు. పుస్తకం రాసేదీ అతనే.

ఐదు బస్తాలవాళ్లను పట్టడంలో కాకని మించిపోయాడు. 2022లో తిలక్ వర్మని ముందుగా రాసుకున్నది అతనొక్కడే. ముంబయి 1.7 కోట్లకు కొన్న హైదరాబాదీ. సూర్యకుమార్ బొటనవేలి గాయంతో మొదటి మ్యాచ్‌లకి రాడు, మధ్యలో ఎవరో ఒకరు ఆడాలి కదా అన్నది కుర్రాడి లెక్క. తిలక్ రెండో మ్యాచ్‌లోనే 61 కొట్టాడు. సీజన్ ముగిసేసరికి 397 పరుగులు. ముంబయి అట్టడుగున నిలిచింది, కుర్రాడి జట్టు మాత్రం బిర్యానీ తినింది. 2025లో దెబ్బ తిన్నాడు. ఇషాన్ కిషన్ సన్‌రైజర్స్‌కి మొదటి మ్యాచ్‌లోనే 106 కొట్టి అందరి చేతా జేజేలు కొట్టించుకున్నాడు కదా, అతణ్ని కొనుక్కుని మీసం మెలేశాడు. మిగతా సీజనంతా కలిపి ఇషాన్ చేసింది 248.

2025 డిసెంబరు వేలం జరిగిన వారం, దుకాణం దగ్గర మళ్లీ వాదన మొదలైంది. చెన్నై సూపర్ కింగ్స్ ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మ అనే ఇద్దరు కొత్త కుర్రాళ్లను ఒక్కొక్కరిని 14.20 కోట్లకు కొన్నది. కనీస ధర 30 లక్షలు! ఐపీఎల్ ఆడలేదు కాబట్టి పుస్తకంలో ఇద్దరూ ఐదేసి బస్తాలే. అంత డబ్బు పోసినవాళ్లు బెంచీ మీద కూర్చోబెట్టరు, ఇద్దర్నీ తీసుకోవాల్సిందే అంటాడు పక్క దుకాణం కుర్రాడు. ప్రశాంత్ ఎడమచేతి స్పిన్ వేసి బ్యాటింగూ చేస్తాడు, రెండు చేతులా పాయింట్లు, అతనొక్కడు చాలంటాడు పరకాల కుర్రాడు.

అదే వేళకి తండ్రి వచ్చాడు, ఖాళీ గోనెసంచుల కోసం. ఆయనకి ఈ పుస్తకమంటే ఇంకా పడదు. కాసేపు నిలబడి విన్నాడు. ‘‘పద్నాలుగు కోట్లా? ఏమన్న ఆడిండా మరి?’’

‘‘ఇంకా ఆడలే నాయినా.’’

‘‘ఆడకముందే గింత ధర పెట్టినోడు ఎవడురా?’’ అన్నాడాయన. కాక గట్టిగా నవ్వి, పుస్తకం ఆయన వైపు జరిపాడు. ఆయన ముట్టుకోలేదు. సంచులు లెక్కపెట్టుకోవడంలో పడ్డాడు.