ప్రసంగములో నవ్వు

బోధకుడు ప్రసంగ పీఠముమీద నిలిచి నవ్వించవచ్చునా అని మన సంఘపెద్దలు అడుగుచుందురు. ప్రభువు మాటలనే చూడుము. తన కంటిలో దూలముండగా సహోదరుని కంటిలోని నలుసును తీయబోవువానిని గూర్చి ఆయన చెప్పెను. ఇంటి దూలమంత మ్రాను కంటిలో పెట్టుకొని నడచువానిని తలంచుకొనుము, నవ్వు రాకమానదు. అయితే ఆ నవ్వు ఎవనిమీద? వినుచున్న నీమీదనే.

నర్మెట్ట ప్రాంతపు జనులకు ఈ విద్య క్రొత్తది కాదు. మన జనగామ జిల్లా మాణిక్యాపురమువాడైన చుక్క సత్తయ్య (1935–2017) ఒగ్గుకథకు పేరు తెచ్చెను. ఒగ్గుకథలో ప్రక్కనున్నవాడు హాస్యమాడి నవ్వించును, ఆ వెంటనే కథకుడు కంట తడి పెట్టించును. ఆ కథలు మల్లన్నవి, బీరప్పవి, మనవి కావు. అయినను నవ్విన మనస్సు చెవియొగ్గునని వారెరుగుదురు. పగలంతా కలుపు తీసి, రాత్రి కూటములో కునుకుచున్న తల్లులను గద్దించుటకంటె ఒక హాస్యపు మాట మేలు. (పౌలు ప్రసంగించుచుండగానే ఐతుకు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడెను గదా!)

ఒక సంగతి మాత్రము నన్ను బాధించుచున్నది. కర్మెలుమీద ఏలీయా బయలు ప్రవక్తలను అపహసించెనని చెప్పి, కొందరు మైకు పెట్టి పొరుగువారి దేవతలను ఎగతాళి చేయుదురు. ఏలీయా ప్రాణమునకు తెగించి, 450 మంది యెదుట ఒంటరిగా నిలిచి పలికెను. మైకు పట్టినవానికి ఆ తెగింపు ఏది? ఎఫెసులో పౌలు సంగడికాండ్రు అక్కడి దేవతను దూషింపలేదని ఆ పట్టణపు కరణమే సాక్ష్యమిచ్చెను (అపొ. కార్యములు 19:37). నీ యెగతాళి విన్న పొరుగింటివాడు రేపు నీ ప్రక్క మడిలోనే నాట్లు వేయవలెను, నీ బిడ్డ పెండ్లికి రావలెను. అతడు మరల మన గుడి గడప త్రొక్కునా?