మా గొంతు బొంగురు

చిత్తూరున శిక్షణ పొంది వచ్చి, ఈ హోసూరు ప్రాంతమున మేము తెలుగు చెప్పుచు ఇరువది యేండ్లు గడపితిమి. నిరుడు శ్రావణమున గొంతు బొంగురుపోయెను. మిరియాల కషాయము త్రాగితిమి, ఉప్పునీరు పుక్కిలించితిమి. నెలన్నర గడచినను తగ్గలేదు. గుసగుసగా పాఠము చెప్పి చూచితిమి. అదియు గొంతునకు శ్రమయే యని పిదప తెలిసినది.

ఒకనాడు ఆఱవ తరగతి బాలుడొకడు పద్యము చదివి, అచ్చముగా మావలెనే చివర జీరతో ముగించెను. ఆ పిల్లలు పద్యము వినునది మా నోటనే గదా! ఆ సాయంకాలమే వైద్యుని కడకు పోయితిమి.

మాటలాడునపుడు కంఠములోని స్వరతంత్రులు సెకనుకు నూరు మార్లకు పైగా కంపించును. అరచి అరచి వాడినచో, నాగలి పట్టిన చేతికి కాయ కాచినట్లు, వాని అంచులందు బుడిపెలు లేచును. మాకు లేచినవి అవియే. ఆటస్థలమున అరచు పిల్లలకును ఇవి కలుగుట కద్దు. కోతకు భయపడితిమి గాని, వీనికి తొలి చికిత్స అభ్యాసమేనట. మైసూరున 1960వ దశకమున నెలకొన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల ఈ విద్య నేర్పుదురు. అది నేర్చిన యొక యమ్మ మాచేత పెదవులు మూయించి మకారమును మెల్లగా పలికించెను. ఊరక గొంతు సవరించుకొనుట మాన్పించెను. నీరు తరచుగా త్రాగుమనెను. మూడు నాలుగు వారములు దాటిన బొంగురును వైద్యునికి చూపింపక యుండరాదని మరిమరి చెప్పెను.

ఇప్పుడు బల్లలు దగ్గరకు జరిపించితిమి. కేక వేయుటకు మారు చప్పట్లు కొట్టుచున్నాము. గొంతు చాలవరకు వచ్చినది. ఆ బాలుడు మాత్రము తన జీరను ఇంకను విడువలేదు.