రంపపు బల్ల పునఃప్రతిష్ఠ

మిషిగన్ సరస్సు పడమటి గట్టున వెలసిన మిల్వాకీ నగరము ఒకప్పుడు యంత్రనిర్మాణమునకు పెట్టినది పేరు. ఆ నగరముననే హెర్బర్ట్ టౌట్జ్ అనునతడు 1919లో డెల్టా సంస్థను నెలకొల్పి, అంతవరకు పెద్ద కర్మాగారములకే పరిమితమై యున్న కొయ్యపని యంత్రములను చిన్న పనివాని కొట్టమునకును, గృహస్థుని గ్యారేజికిని అందుబాటులోనికి తెచ్చెను. 1939లో ఆ సంస్థ వెలువరించిన ‘యూనిసా’ అను రంపపు యంత్రము, నేడు క్యాబినెట్ టేబుల్ సా అని పిలువబడు జాతికంతకును ఒరవడి దిద్దినది. అంతకుముందు చిన్న యంత్రములలో అనేకము రంపమును నిటారుగా నుంచి బల్లనే వాల్చెడివి; ఏటవాలుగా కోయవలసివచ్చినపుడు పొడవైన పలకను ఆ వాలు మీద జారిపోకుండ పట్టుకొనుట పనివానికి కష్టముగా నుండెడిది. యూనిసాలో బల్ల సమతలముగా నిలిచియుండును. క్రింది ఇనుప పెట్టెలో దాగియున్న ఇరుసే రంపముతో సహా వంగును. మోటారు, బెల్టులు, పళ్ళచక్రములు అన్నియు ఆ పెట్టెలోనే ఒదిగియుండును.

ఆ నగరపు పొలిమేరలలో కాపురముండు మా మిత్రుడు కోనసీమవాడు. ఉద్యోగరీత్యా ఇంజనీరు, అభిరుచిచేత వడ్రంగి. అతని తాతగారు బాడిసె, ఉలి, చిత్రిక, చేతిరంపములతో ఇండ్లకు ద్వారబంధములు చేసి యిచ్చి జీవించినవారు. పాతదైనను పటిష్ఠమైన యంత్రమొకటి కొనవలెనని అతడు చాలకాలముగా వెదకుచుండెను. పల్లెపట్టున నొక విశ్రాంత వడ్రంగి తన పనిశాలను మూసివేయుచున్నాడని తెలిసి, “అన్నగారూ, మీరును రండి, కొనుట కుదరకపోయినను చూచుట దక్కును” అని నన్ను వెంటబెట్టుకొని పోయెను.

ఆ పనిశాల పొలము నడుమ ఎఱ్ఱరంగు కొట్టము. గోడలకు పట్టుకఱ్ఱలును, పెట్టెలకు కావలసిన అచ్చులును వరుసగా వ్రేలాడుచుండెను. లోన అడుగిడగనే చెఱ్ఱి కొయ్య పరిమళము మమ్ము పలుకరించినది. మధ్యభాగమున బూడిదరంగు వెలిసిన యూనిసా యుండెను. అది మొదట ఒక పాఠశాలలోని వడ్రంగపు తరగతిలో పనిచేసినదట. ఆ తరగతి ఎత్తివేసినపుడు ఈయన కొనెనట. అడిగిన వెల చాల తక్కువగా నుండుటకు కారణమును ఆయన దాచలేదు. “దీని మోటారు మూడు ఫేజుల కరెంటుతో నడచును. మీ యిండ్లకు వచ్చునది ఒక్క ఫేజే. అందుచేత కొనవచ్చినవారు ఆ రేకు చదివి వెనుదిరుగుచున్నారు” అని మోటారు మీది రేకును దీపపు వెలుగున చూపెను. మా మిత్రుని ముఖము వికసించినది. ఇతరులు లోపమనుకొన్నది తనకు లాభమని అతనికి అప్పటికే తెలియును.

పిమ్మట జరిగిన పరీక్ష నాకొక పాఠమైనది. మిత్రుడు మొదట తీగను గోడనుండి ఊడదీయించి, రంపపు చక్రమును విప్పించెను. ఇరుసును రెండు వ్రేళ్ళతో పట్టుకొని మీదికి క్రిందికి కదిపిచూచెను. కదలిక యున్నచో బేరింగులు అరిగినవన్నమాట. చేతితో త్రిప్పి చెవియొగ్గి వినెను. గరగరమను ధ్వని లేశమాత్రము వినబడెను. “బేరింగులు మార్చవలెను. అది భయపడవలసినది కాదు, ఏ బేరింగుల దుకాణములోనైనను దొరకును” అనెను. అనంతరము పొడవైన ఉక్కు బద్దను బల్లమీద నిలువుగను, అడ్డముగను, మూలనుండి మూలకును ఆనించి దాని క్రిందినుండి వెలుగు పాఱుచున్నదేమో చూచెను. ఆ పిదప బల్ల క్రింద రంపమును మోయు ట్రనియన్లను, అనగా అర్ధచంద్రాకారపు పోత దిమ్మెలను, టార్చి వెలుగున తడిమితడిమి చూచెను. బేరింగు, బెల్టు, స్విచ్చి అరిగిపోయినచో మార్చుకొనవచ్చును. తుప్పు పట్టినచో రుద్దవచ్చును. పోత ఇనుము పగిలినచో మాత్రము ఆ యంత్రమును నమ్మరాదు. పాత యంత్రమును కొనువాడు మొదట గ్రహింపవలసిన వివేకము ఇదియే: వయస్సును లెక్కింపరాదు, మార్చదగినదేదో మార్చరానిదేదో వేఱుచేసి చూడవలెను.

రంపమును వాల్చు చక్రమును త్రిప్పగా అది నలువదియైదు డిగ్రీలకు రెండు డిగ్రీల ముందే ఆగిపోయినది. ముందు వచ్చినవారిలో కొందరు దీనిని కూడ చూచి లోపల ఏదో వంగినదని తలచియుందురు. పెట్టె తలుపు తీసి చూడగా కారణము బయటపడినది. వంపు పళ్ళచక్రపు సందులలో ఏండ్ల తరబడి పడిన రంపపుపొట్టు జిగురుతో కలసి ఇటుకవలె గట్టిపడియుండెను. మిత్రుడు సూదిమొనగల ఇనుప పుల్లతో గీకగా మొదట మేపుల్ కొయ్య తెల్లపొడియు, దాని క్రింద వాల్‌నట్ కొయ్య ముదురు గోధుమపొడియు, అట్టడుగున చెఱ్ఱి కొయ్య ఎఱ్ఱపొడియు పొరలుపొరలుగా రాలినవి. ఏ కాలమున ఏ కొయ్యతో అధికముగా పని సాగినదో ఆ సందులోనే లిఖింపబడియున్నట్లుండెను. పొట్టు తొలగగానే చక్రము సాఫీగా తిరిగి నలువదియైదు వద్ద ఆగినది.

వెల మాటలాడుటకు ముందే మిత్రుడు, “దీని కాపుదల కప్పు, వెనుక నుండవలసిన చీలిక రేకు ఎక్కడ?” అని అడిగెను. వృద్ధుడు నిచ్చెన వేసికొని దూలముల మీదినుండి దుమ్ము పట్టిన పెట్టెయొకటి దింపెను. అవి దొరకిన తరువాతనే బేరము కుదిరినది.

యంత్రము నాలుగువందల పౌనులకు పైబడిన బరువు. కావున బల్ల రెక్కలను, కొయ్యను ఆనించి త్రోయుటకైన ఫెన్సును, మోటారును విడదీసి వేర్వేరుగా ట్రక్కున కెక్కించితిమి. చేతిచక్రములను గాని, ఫెన్సు పట్టాను గాని పట్టి ఎత్తవలదని వృద్ధుడు పలుమాఱు హెచ్చరించెను; అవి సూక్ష్మమైన పనికేగాని భారము మోయుటకు ఏర్పడినవి కావు.

ఇంటికి చేరిన పిమ్మట బేరింగులు మారినవి. ఒకే కొలతగల మూడు బెల్టులు జతగా వేయబడినవి. బల్లమీది తుప్పు కిరోసిన్‌తోను సన్నని పీచుతోను రుద్దగా పోయి, మైనపు పూతతో లోహపు నిగ్గు తేలినది. పళ్ళచక్రములకు గ్రీజు పూయలేదు. గ్రీజు పొట్టును పట్టుకొని మరల అదే అవస్థ తెచ్చును గనుక పొడిగా నుండు కందెననే మిత్రుడు వాడెను. మూడు ఫేజుల చిక్కును వీఎఫ్‌డీ అను చిన్న పరికరము తీర్చినది: అది ఇంటి ఒక్క ఫేజును గ్రహించి మోటారునకు మూడు ఫేజులను అందించును. దానిని నేరుగా మోటారుకే కలుపవలెను. నడుమ స్విచ్చి పెట్టరాదు. కరెంటు పోయి మరల వచ్చినపుడు యంత్రము తనంత తాను కదలకుండునట్లు దానిని అమర్చుట మిత్రుడు మరువలేదు. కరెంటు కోతల నడుమ పెరిగిన మాకు ఆ జాగ్రత్త విలువ ఎవరును చెప్పవలసిన పని లేకపోయెను. మూడు ఫేజుల మోటారులో ఏ రెండు తీగలను తారుమారు చేసినను తిరుగు దిశ మారును. కావున రంపమును బిగింపకయే మోటారును క్షణకాలము నడిపి, పైభాగమున పళ్ళు పనివాని వైపునకే వచ్చునని నిశ్చయించుకొన్న పిమ్మట ముందునకు సాగెను.

ఇక అసలైన పని కొలతకు సంబంధించినది. బల్లమీద మైటర్ గాడి యొకటి నేరుగా సాగును. రంపము ఆ గాడికి సమాంతరముగా నుండవలెను. క్యాబినెట్ జాతి యంత్రముల గొప్పతనము ఇచ్చటనే బయటపడును. కాంట్రాక్టర్ సా అను తేలికజాతిలో ట్రనియన్లు బల్లకే వ్రేలాడును గనుక వాటిని సవరించుట యొక ప్రయాస. ఇందులో నవి పెట్టెకు బిగింపబడియుండును గనుక బల్ల మఱలను వదలుచేసి బల్లనే కొంచెము జరుపవచ్చును. మిత్రుడు రంపపు పంటి నొకదానిని ఎఱ్ఱ రంగుతో గుర్తించి, గాడిలో జారు డయల్ గేజితో ముందుభాగమున కొలిచి, అదే పంటిని వెనుకకు త్రిప్పి అచ్చట మరల కొలిచెను. ఒకే పంటిని కొలుచుటచే రంపమునందలి వంకర లెక్కలోనికి రాదు. తేడా అంగుళములో వెయ్యవవంతులు పండ్రెండు. ఒక మఱను బిగువుగా నుంచి మిగిలినవి వదలి, కొయ్యముక్కతో బల్ల అంచును తట్టుచు, కొలుచుచు, మరల తట్టుచు సవరింపగా ఆ తేడా రెండునకు దిగినది. రంపమును వాల్చి మరల చూచినపుడు కొంచెము భేదము కనబడగా బల్ల ముందుభాగమున పలుచని ఇత్తడి రేకు నొకదానిని చొప్పించెను. ఫెన్సును కూడ ఆ గాడికే సమాంతరము చేసెను. దాని వెనుకకొస వెంట్రుకవాసి దూరమైనను చింత లేదు, రంపమువైపు దగ్గరైనచో మాత్రము కొయ్య నడుమ ఇరుకునపడును.

ఆ ఇరుకుదలయే ఈ యంత్రమునందలి మహాప్రమాదమునకు మూలము. వెనుకభాగపు పళ్ళు మీదికి లేచుచుండును. పలక వాటికి తగిలినచో పైకెత్తబడి అతివేగమున పనివాని మీదికే విసిరివేయబడును. చీలిక రేకు కోతను విప్పి యుంచి దానిని వారించును. నేటి యంత్రములలో రైవింగ్ నైఫు రంపముతోపాటు ఎక్కుచు దిగుచు నుండును. ఈ పాతదాని రేకు రంపముతో వాలునే గాని ఎక్కదు, దిగదు. అమెరికాలో స్టీవ్ గాస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1999లో ఊహించి, 2004 నుండి అమ్మకమునకు తెచ్చిన సాస్టాప్ యంత్రము, వ్రేలి తాకిడిని విద్యుత్తుచే గుర్తించి అల్యూమినియపు దిమ్మెను పళ్ళలోనికి గ్రుచ్చి రంపమును తక్షణము నిలుపును. అట్టి రక్ష ఈ పాత యంత్రమున లేదు. ఉన్నట్లు భ్రమింపకుండుటయే ఈ యంత్రమును కొనువాని ప్రథమధర్మమని మిత్రుడు గట్టిగా చెప్పెను. అతడు కప్పును, రేకును బిగించి, త్రోపుడు కఱ్ఱను ఫెన్సు ప్రక్కనే తగిలించి, ఆ తరువాతనే స్విచ్చి నొక్కెను.

మొదటి కోతకు వెడల్పైన మేపుల్ పలకను ఎన్నుకొనెను. అడ్డముగా కోసి, ఒక ముక్కను తిరగవేసి కోసిన అంచులను బల్లమీద ఒకదానికొకటి ఆనించెను. రంపము బల్లకు లంబముగా లేనిచో ఈ విధమున దోషము రెట్టింపై సందుగా కనిపించును. ఇచ్చట సందు లేదు. నిగ్గైన ఆ రెండు అంచులను మా మిత్రుడు వ్రేలితో తడిమి, “తాతగారు మూలమట్టము పెట్టి ఇదే చూచెడివారు” అనెను.

పాతవస్తువును కొనుటలో పొదుపు ఉన్నది నిజమే; కాని నేను ఆనాడు చూచినది పొదుపుకంటె మిన్నయైన విషయము. దశాబ్దముల క్రిందట ఎవరో మిల్వాకీ పట్టణమున పోసిన ఇనుము, బాలురకు విద్య నేర్పి, ఒక వృద్ధుని జీవితమంతయు సేవించి, మూడవ చేతికి వచ్చినను తన సమతలమును కోల్పోలేదు. దానిని విప్పి చూచుటకును, కొలిచి సవరించుటకును వీలుగా నిర్మించినవారు మనకొక బాధ్యతను అప్పగించిరి. అట్లు విప్పి, కొలిచి, సవరించి, తన తరువాతి చేతికి అదే స్థితిలో అందించువాడే ఆ యంత్రమునకు నిజమైన యజమాని. మన పట్టణములలోని వడ్రంగపు కొట్టములలోను, కోతమిల్లులలోను మూలబడియున్న యంత్రములను పాతవని తూకమునకు వేయుటకు ముందు, పోత పగిలినదా, పొట్టు గట్టిపడినదా అని ఒకమాఱు తలుపు తీసి చూడవలెను.