బోల్టు తెగింది.. జఫర్‌గఢ్ తెలిసింది!

వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి బయల్దేరితే చాలామంది నేరుగా వరంగల్ కోట, వెయ్యి స్తంభాల గుడి చూసి వచ్చేస్తారు. దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర హైవే వదిలి లోపలికెళ్తే జఫర్‌గఢ్. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లాలో మండల కేంద్రం. వేల్పుకొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి, పాత కోట గోడలు చూడాల్సినవే. నాకు మాత్రం అక్కడి ఓ రేకుల షెడ్డు కూడా గుర్తుండిపోయింది.

కొండ దిగి కారు తీస్తే టెంపరేచర్ ముల్లు పైకెక్కింది. కూలెంట్ కారుతోంది. ఇంజిన్ చల్లారాక మెకానిక్ అన్న థర్మోస్టాట్ హౌసింగ్ విప్పుతుంటే 6 ఎంఎం బోల్టు పుటుక్కున తెగింది. సగం ముక్క ఇంజిన్ హెడ్‌లోనే ఉండిపోయింది.

హెడ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. మధ్యలో కూలెంట్ తడి చేరితే రెండూ తుప్పుతో అతుక్కుపోతాయి. డ్రిల్ కాస్త పక్కకి జారినా మెత్తని అల్యూమినియంలో మరలు పోతాయి. అప్పుడిక ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

"ఎక్స్‌ట్రాక్టర్ వేసి తిప్పితే రాదా అన్నా?"

"అది లోపల ఇరిగితే మామూలు డ్రిల్లు గూడ దిగది తమ్మీ. జర ఆగు."

నిజమే, ఎక్స్‌ట్రాక్టర్ బోల్టు కన్నా గట్టి ఉక్కు. మా కోడ్‌లో ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. ఇక్కడ అండూ బటన్ లేదు.

పక్కనే ట్రాక్టర్ ట్రాలీలకి వెల్డింగ్ చేసే షాపు. ముందు బ్యాటరీ వైర్లు తీసేశారు, లేకపోతే ఈసీయూకి ప్రమాదం. తెగిన ముక్క మీద నట్టు పెట్టి, దాని మధ్యలో వెల్డింగ్ నింపారు. ఆ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. మొదటి రెండు నట్లు ఊడిపోయాయి. మూడోది పట్టింది. స్పానర్‌తో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, మధ్యమధ్యలో ఆయిల్ చుక్కలు. ముక్క మెల్లగా బయటికొచ్చింది, మరలు చెక్కుచెదరలేదు.

అటు వెళ్తే రెండు గుర్తుపెట్టుకోండి. ముల్లు పెరిగితే వెంటనే ఆపండి, వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. బోల్టు మొరాయిస్తే బలం పెంచకండి. చిన్న ఊరు కదా అని కంగారూ పడకండి. ట్రాక్టర్లు తిరిగే ఊళ్లో ఇనుము సంగతి తెలిసిన చెయ్యి ఒకటి ఉంటుంది.