సంతకంలో ఏ ఇంటిపేరు?

ఉద్యోగం మానేసి ఏడేళ్లు. బాబు మూడో తరగతికి వచ్చాడు, ఇక మళ్లీ చేరదామంటే ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న... 'ఈ మధ్యలో ఏం చేశారు?' పిల్లాణ్ని పెంచానంటే అవతలివాళ్లు ఓ నవ్వు నవ్వి ఊరుకుంటారు. అందుకే గుంటూరులోని ఆ ఇల్లాలు, ప్రపంచమంతా కలిసి రాస్తున్న లినక్స్‌లో ఒక్క మార్పయినా తన చేత్తో చేయాలనుకుంది.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ ప్రోగ్రామే ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపలా పనిచేస్తోంది. దాని కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్పు సూచించొచ్చు. కాకపోతే ఆ భాగం బాధ్యత చూసేవారు ఒప్పుకుంటేనే అది లోపలికి వెళుతుంది. దాన్నే రివ్యూ అంటారు.

ఆమెకు దొరికిన తప్పు చిన్నదే. పని మధ్యలో చెడితే ఓ డ్రైవర్ తాను తీసుకున్న మెమొరీని తిరిగివ్వకుండా బయటికొచ్చేస్తోంది. పక్కింటి గిన్నె తెచ్చుకుని ఇవ్వడం మర్చిపోయినట్లన్నమాట! సరిచేయడానికి ఒక్క వాక్యం, అరగంట. దాన్ని పంపే ఏర్పాట్లకు మాత్రం నాలుగు రాత్రులు పట్టింది.

లినక్స్‌వాళ్లు మార్పుల్ని 'గిట్' అనే సాధనంతో తయారుచేసి మెయిల్‌లో పంపుతారు. అప్పటిదాకా వాడుతున్న సాధనం ఉచితంగా దొరకడం ఆగిపోవడంతో 2005లో లైనసే రాసుకున్నది ఇది. మామూలుగా మెయిల్ తెరిచి అతికించి పంపేస్తే పోదా? పోదు. వరుసలు విరిగిపోతాయి, ఖాళీలు మారిపోతాయి, అవతల అతకదు. అందుకని నల్లటి తెర మీద ఆదేశాలు టైప్ చేయాల్సిందే. ఉబుంటులో గిట్ ఎక్కించినా మెయిల్ పంపే ఆదేశం రాలేదు. 'గిట్-ఈమెయిల్' అని దాన్ని విడిగా ఎక్కించాలట! అదయ్యాక పాస్‌వర్డ్ చెల్లదంది మెయిల్. రెండంచెల తనిఖీ పెట్టుకుని, ఇలాంటి సాధనాల కోసమే ఇచ్చే పదహారు అక్షరాల పాస్‌వర్డ్ తీసుకుంటే గానీ దారికి రాలేదు.

ఆ తర్వాత 'యూజర్ నేమ్' దగ్గర చెయ్యి ఆగిపోయింది.

డిగ్రీ పట్టా మీద పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో అత్తింటిది. లినక్స్‌లో ప్రతి మార్పు కిందా 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు పెట్టాలి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందన్న హామీ అది. కోడ్ ఎవరిదన్న కోర్టు గొడవల నేపథ్యంలో 2004లో వచ్చిన పద్ధతి. అనామకంగా కుదరదు. పైగా ప్రతి మార్పుకూ గిట్ కట్టే గుర్తింపు సంఖ్యలో ఆ పేరు కూడా కలిసిపోతుంది. తర్వాత పేరు మార్చాలంటే ఆ వెనకొచ్చిన సంఖ్యలన్నీ మారిపోతాయి. అంటే మార్చరన్నమాటే.

''ఏమండీ, ఏ పేరు పెట్టమంటారు?''

''ఆధార్‌లో ఉన్నదే పెట్టు, గొడవుండదు'' అన్నాడాయన టీవీలోంచి తల తిప్పకుండానే.

దస్తావేజులు రాసి రాసి రిటైరైన మావయ్యగారు మాత్రం కళ్లజోడు తీశారు. ''రెండు పేర్లుంటే మేం 'అలియాస్' అని రాసేవాళ్లం. సరే గానీ, నీకు ఈ చదువొచ్చింది ఏ పేరు మీదమ్మా?''

ఆమె పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం కాకుండా పూర్తిగా టైప్ చేసింది. ఆయన మళ్లీ టీవీలో పడ్డాడు. కాస్త ముఖం ముడుచుకున్నాడనే చెప్పాలి.

మిగతాది వేగంగానే సాగింది. 'చెక్‌ప్యాచ్' వరుస చివర ఓ అనవసరపు ఖాళీని పట్టేసింది. ఎవరెవరికి పంపాలో 'గెట్ మెయింటెయినర్' చెప్పింది. ముందు తనకు తానే పంపుకుని చూసి, రాత్రి పదకొండింటికి అసలుది పంపింది.

మూడో రోజు జవాబు. నాలుగే వరుసలు. ఈ తప్పు ఏ పాత మార్పుతో వచ్చిందో రాయలేదు, వివరణ చాలదు, మళ్లీ పంపండి. కుశల ప్రశ్నల్లేవు. ''ఊరికే చేసిపెడుతుంటే ఇదేం మర్యాద?'' ఆయనకే కోపమొచ్చింది! ఆమెకు రాలేదు. ఎక్కడో కూర్చుని ఒకరు తన వాక్యాన్ని ఆసాంతం చదివారు మరి. రెండో ప్రతి పంపింది. కొన్ని వారాలకు 'తీసుకున్నాం, ధన్యవాదాలు' అని వచ్చింది.

''రిజిస్టరైనట్టేనా? నంబరేది?'' అన్నారు మావయ్యగారు. నలభై అక్షరాల సంఖ్య చూపించింది. లినక్స్‌వాళ్లు మొదటి పన్నెండే రాస్తారని చెబితే, ఆ పన్నెండూ తన డైరీలో రాసుకుని, పక్కన కోడలి పేరు రాశారు. పుట్టింటి ఇంటిపేరుతో సహా.